వెదురిల్లా, శ్లాబు ఇల్లా: ఏది మేలు?

మా వైపు పెళ్లిసంబంధానికి వచ్చినవాళ్లు పొలం సంగతి అడగడానికి ముందే డాబా ఉందా అని ఆరా తీస్తారు. రంపచోడవరం నుంచి మారేడుమిల్లి దాకా అడవిలో వెదురు పొదలు గుబురుగా కనిపిస్తాయి, అయినా ఆ పక్క ఊళ్లలో కాస్త డబ్బు చేరినవాళ్లు మైదానం నుంచి సిమెంటు, ఇనుము లారీల మీద తెప్పించుకుని శ్లాబు వేయించుకుంటున్నారు. వెదురంటే గుడిసె, గుడిసె అంటే లేమి అన్న భావన అంతగా పాతుకుపోయింది. దాన్ని ఉత్త డాంబికమని నేను కొట్టిపారేయను, ఎందుకంటే ఆ భయం వెనుక చేదు అనుభవం ఉంది.

చిన్నప్పుడు మా అమ్మమ్మగారి పెంకుటింట్లో వెదురు వాసాల కింద పడుకునేవాళ్లం. పొద్దున లేచేసరికి దుప్పటి మీద జల్లెడ పట్టిన పిండిలా మెత్తటి పొడి రాలి ఉండేది, పైకి చూస్తే వాసం నిండా గుండుసూదితో పొడిచినట్టు చిల్లులు కనిపించేవి. ఒక ఏడాది మా మామయ్య ఆ వాసాన్ని బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. ఆ తరువాత ఆయన వెదురు పేరెత్తనివ్వలేదు.

అయితే పుచ్చుపురుగును రప్పించేది వెదురులో ఉండే పిండిపదార్థం. మూడు నాలుగేళ్లు ముదిరిన గెడను వానలు వెళ్లాక కోసి, వెలిగారం, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో ఊరబెట్టి నీడన ఆరబెడితే పురుగు బెడద చాలావరకు తీరుతుంది. పాతవాళ్లు బొంగులను వారాల తరబడి చెరువులో నానవేయడం కూడా ఆ పిండిపదార్థం పోవడానికే. శుద్ధి చేయని గెడను నేరుగా నేలలో పాతితే రెండు మూడేళ్లలో చివికిపోతుంది. శుద్ధి చేసి, రాతి పునాది మీద నిలబెట్టి, వెలిగారం వానకు కరిగిపోకుండా చూరును బాగా కిందికి దించితే అదే గెడ దశాబ్దాలు నిలుస్తుంది. మా అమ్మమ్మగారి వాసాలకు ఈ శుద్ధి ఏదీ జరగలేదు.

ఇక శ్లాబు విషయానికొస్తే, తుపాను గాలికి దాని బరువే దానికి రక్ష. 1977 నాటి దివిసీమ ఉప్పెనను కళ్లారా చూసిన తరానికి వెదురు కప్పు కింద పడుకోమని చెప్పే ధైర్యం నాకు లేదు. తేలికైన కప్పును గాలి కింది నుంచి ఎత్తేస్తుంది కనుక దాన్ని పునాది దాకా బిగించి కట్టగలిగితేనే నమ్మవచ్చు. నిప్పు భయం విషయంలోనూ శ్లాబుదే పైచేయి. కానీ సముద్రపు ఉప్పుగాలికి లోపలి ఇనుప చువ్వలు తుప్పు పట్టి పెచ్చులు ఊడిన శ్లాబులు కోస్తాలో కొల్లలు. మే నెల రాత్రి పదింటికి కూడా డాబా గోడకు వీపు ఆనించలేక మంచాలు ఆరుబయటికి లాక్కునే కుటుంబాలను చూస్తూనే ఉన్నాం. తడికకు మట్టి మెత్తిన గోడ అంత వేడిని దాచుకోదు.

భూమికి ఏది మేలన్న ప్రశ్నకు జవాబు తేలికే. సిమెంటు తయారీకి సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చినప్పుడు ఇంధనం నుంచే కాక రాయి నుంచి కూడా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే ఆ వాయువులో సిమెంటు వాటా 7 నుంచి 8 శాతం. వెదురు పొదలో ముదిరిన గెడలను కోస్తే అదే వేరు నుంచి మళ్లీ పిలకలు వస్తాయి.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. 1927 నాటి భారత అటవీ చట్టంలో చెట్టుగా లెక్కకొచ్చిన వెదురును, అడవి బయట పెంచినదైతే, 2017లో ఆ నిర్వచనం నుంచి తప్పించారు. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళిలో వెదురుకు ప్రత్యేక విభాగమే ఉంది. వెదురుకు అసలు లోటు పనివాళ్లది. తాపీ మేస్త్రీ ప్రతి ఊళ్లోనూ దొరుకుతాడు, కానీ బుట్టలు, చేటలు అల్లే మేదరులలో ఇంటి చట్రం కట్టగలిగినవాళ్లు అరుదైపోయారు.

కాబట్టి కోస్తా గ్రామాల్లో కనీసం ఒక గదికైనా శ్లాబు ఉండాలని, మన్యంలో మాత్రం శుద్ధి చేసిన వెదురే మేలని నా నిశ్చితాభిప్రాయం. మా ఊళ్లో వచ్చే ఏడాది కట్టబోయే ఇంటికి వంటగది, ఒక పడకగది శ్లాబుతోనూ, వసారా, పక్క గది వెదురుతోనూ వేయిద్దామని మామయ్యను ఒప్పించాను. ఆయన ఒకే ఒక్క షరతు పెట్టారు: ప్రతి గెడనూ కప్పుకు ఎక్కించే ముందు ఆయన బొటనవేలితో నొక్కి చూస్తారట.