ఎర్ర చెలకా, నల్లరేగడా: వానాధారానికి ఏది మేలు?

ఈమధ్య సిటీ చుట్టుపక్కల రెండెకరాలో మూడెకరాలో కొనేవాళ్లు ఎక్కువయ్యారు, అందరిదీ ఒకటే డౌటు, ఎర్రనేల కొనాలా నల్లనేల కొనాలా అని. ఊళ్లో పెద్దోళ్లని అడిగితే రేగడి అంటారు, బోరు కింద తోట పెట్టుకున్నాయన్ని అడిగితే చెలక అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు, ఎవరి పంటని బట్టి వాళ్లు చెప్తున్నారంతే. నన్నడిగితే మాత్రం రంగు చూసి కాదు, గుంత తీయించి లోతు చూసి కొనండి అంటా. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగవుద్ది.

పటాన్‌చెరు దగ్గర 1972లో ఇక్రిశాట్ అని మెట్ట పంటల పరిశోధన సంస్థ పెట్టారు కదా, ఆ స్థలంలో ఉన్న పెద్ద సుఖం ఏంటంటే రెండు నేలలూ ఒకే కాంపౌండ్‌లో ఉంటాయి. అక్కడి ఎర్రనేలని పటాన్‌చెరు సిరీస్ అంటారు, నల్లదాన్ని కాసిరెడ్డిపల్లి సిరీస్ అంటారు. శాస్త్రం లెక్కలో మొదటిది ఆల్ఫిసాల్, రెండోది వర్టిసాల్. రెండింటి మీదా పడేది ఒకటే వాన, ఏడాదికి 800 మి.మీ. అటూఇటూ, అదీ చాలావరకు జూన్ నుంచి అక్టోబర్ లోపే. కాబట్టి తేడా ఏదైనా కనిపిస్తే అది నేలదే, మబ్బుది కాదు.

ముందు ఎర్రది. మన దగ్గర చాలావరకు గ్రానైట్ బండలు అరిగి అరిగి అయిన మట్టి ఇది, ఎరుపు ఇనుము తుప్పుది. పైన జానెడు మందాన ఇసుక పాలు ఎక్కువ, చేతిలో పట్టుకుంటే జారిపోద్ది, కానీ కొంచెం కిందికి తవ్వితే బంకమట్టి తగుల్తది. పైన బంక 15 శాతం ఉంటే కింద 40 కూడా ఉండొచ్చు. వేల ఏళ్లుగా వాన నీళ్లతో పాటు సన్నటి బంక కిందికి దిగి అక్కడ పేరుకుంది, ఆల్ఫిసాల్ అని పిలవడానికి ఈ పొరే ముఖ్యమైన గుర్తు. ఇంకో గుర్తు, కాల్షియం, మెగ్నీషియం లాంటివి మొత్తం కడుక్కుపోకుండా మిగిలి ఉండటం. వాన తక్కువ కాబట్టే మిగిలాయి, కేరళలోని చాలా ఎర్రమట్టి అంత వానకి తట్టుకోలేక వాటిని పోగొట్టుకుంది, అందుకే అది మన చెలక కన్నా పులుపు.

చెలకతో అసలు గొడవ మొలక దగ్గర. విత్తనం వేశాక ఒక గట్టి వాన కొట్టి రెండ్రోజులు ఎండ కాసిందంటే పైన అట్ట కట్టేస్తది. ఆ అట్ట పెళ్లని వేలితో లేపి చూడండి, కింద సజ్జ మొలక తెల్లగా పాలిపోయి, పైకి రాలేక అడ్డంగా మెలి తిరిగి ఉంటది. వేరుశెనగ బలంగా నెట్టుకొస్తది గానీ సజ్జ, జొన్న లాంటి చిన్న గింజలకి కష్టమే, వెంటనే దంతె తోలి అట్ట పగలగొట్టకపోతే మళ్లీ విత్తుకోవాల్సిందే. వేరుశెనగకి ఇదే ఇబ్బంది ఊడలు (కాయ కట్టడానికి పూత నుంచి నేలలోకి దిగే కాడలు) దిగేటప్పుడు వస్తది, నేల బిగుసుకుంటే ఊడ లోపలికి పోదు, పీకేటప్పుడు బిగుసుకుంటే కాయ భూమిలోనే ఉండిపోద్ది. అట్ట వల్ల ఇంకో నష్టం, నేల ఇంకా నిండకముందే నీళ్లు పైపై నుంచే పారిపోతాయి. పల్లంలో చెరువులు నిండేది కూడా ఈ పారుడు వల్లే అనుకోండి, అది వేరే కథ.

ఇప్పుడు రేగడి. బంక 50 శాతం పైనే, అదీ తడిస్తే ఉబ్బి ఎండితే ముడుచుకునే రకం. ఏప్రిల్‌లో నెర్రెల్లో చెయ్యి దూరిపోద్ది. తొలకరిలో ఆ నెర్రెలు నీళ్లని గటగటా మింగుతాయి, ఒకసారి మూసుకున్నాయంటే మాత్రం ఇక గంటకి 1 మి.మీ. కూడా దిగదు, చేను మీద కాలు పెట్టనివ్వదు. పదును దొరికేది ఆ కొద్ది రోజులే, ఇవాళ బురద, నాలుగు రోజులాగితే రాయి. అందుకే పాత రోజుల్లో చాలాచోట్ల వానాకాలం మొత్తం బీడు పెట్టి, తడి నిండాక యాసంగిలో జొన్నో శెనగో వేసేవాళ్లు. ఇక్రిశాట్‌లో 1976 నుంచి ఒక రేగడి చెక్కలో మీటరున్నర దూరంతో వెడల్పాటి బెడ్లు, మధ్యలో కాలువలు తీసి, వాన రాకముందే పొడి దుక్కిలో విత్తి రెండు పంటలు తీస్తున్నారు, హెక్టారుకి 5 టన్నుల దాకా గింజ వచ్చింది, పాత పద్ధతిలో ఒక టన్ను చుట్టూనే. అంటే రేగడిలో బలం ఉంది, దాన్ని వాడుకోవాలంటే మురుగు పోయే దారి ముందు చూడాలి.

లెక్క వేసుకుంటే విషయం తేలిపోద్ది. పంట బాగా పెరిగే రోజుల్లో రోజుకి 5 మి.మీ. నీళ్లు తాగుతదనుకుందాం. మీటరు లోతు చెలక వేరుకి అందేలా దాచేది సుమారు 70 మి.మీ., అంటే రెండు వారాలు. లోతైన రేగడి 200 దాటి దాస్తది, అంటే నెల దాటి పది రోజులు. ఆగస్టులో మూడు వారాలు వాన మొహం చాటేస్తే ఎర్ర చేను వాడిపోయి పక్క నల్ల చేను పచ్చగా ఉండటానికి కారణం ఇదే.

ఇక్కడితో రేగడి గెలిచేసిందనుకోకండి. అనంతపురం లాంటి చోట ఏడాదికి 550 మి.మీ., అదీ చిన్న చిన్న జల్లులుగా. 10 మి.మీ. జల్లు పడితే చెలకలో అది కాస్త లోతుకి దిగి వేరుకి అందుతది, రేగడిలో పై రెండు మూడు వేళ్ల మందమే తడిసి, అందులోనూ చాలావరకు బంక వదలకుండా పట్టుకుని, మిగిలింది సాయంత్రానికి ఆవిరైపోద్ది. అక్కడ ఎర్రనేలలో వేరుశెనగ నిలబడటానికి ఇదో కారణం. నంద్యాల వైపు శెనగ రేగడిలో పండేది జల్లులతో కాదు, అంతకుముందు వానలకి లోపల నిండిన తడితో.

ఇప్పుడు నా అసలు మాట. నల్లగా ఉందని ప్రతిదీ వర్టిసాల్ కాదు. బంక కనీసం 30 శాతం ఉండాలి, అదీ పైపైన కాదు అర మీటరు లోతు దాకా, నెర్రెలు రావాలి, గుంత గోడ గీకి చూస్తే ఏటవాలుగా నున్నగా మెరిసే పలకలు కనబడాలి, మట్టి గడ్డలు ఉబ్బుతూ ముడుచుకుంటూ ఒకదాన్నొకటి రాసుకున్న జాడ అది. జానెడు నల్లమట్టి, దాని కింద మొరం ఉంటే అది ఇన్‌సెప్టిసాల్ (పొరలు ఇంకా సరిగ్గా ఏర్పడని నేల) కిందికో అంతకన్నా కిందికో పోద్ది, 200 మి.మీ. లెక్క దానికి వర్తించదు, మీటరు లోతు చెలక దానికన్నా వంద రెట్లు నయం. అలాగే కింద బంక పొర లేని ఎర్ర గరుసు కూడా ఆల్ఫిసాల్ కాదు. సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఇస్తారు, పీహెచ్ నుంచి బోరాన్ దాకా అన్నీ ఉంటాయి, లోతు మాత్రం ఉండదు. కాబట్టి కొనేముందు పొలంలో పైన ఒకటి, మధ్యలో ఒకటి, పల్లంలో ఒకటి, మూడు చోట్ల మీటరు గుంత తీయించండి, జేసీబీకి అరగంట పని. ఒకే సర్వే నంబర్‌లో మెట్ట వైపు ఎరుపు, పల్లం వైపు నలుపు ఉండటం మన గ్రానైట్ ప్రాంతంలో మామూలే.

పంటల సంగతికొస్తే, మామిడి, బత్తాయి, సీతాఫలం లాంటి తోటలైతే కళ్లు మూసుకుని లోతున్న ఎర్రనేల, డ్రిప్ పెట్టుకుంటే చాలు. బత్తాయికి రేగడిలో సున్నపు గుల్లలతో పడదు, ఇనుము అందక ఆకు పసుపు రంగుకి తిరుగుద్ది, పైగా నీళ్లు నిలిస్తే వేరు కుళ్లు. బోరు లేకుండా కంది, పత్తి, శెనగ అంటే లోతైన రేగడే, 2022లో జీఐ గుర్తింపు వచ్చిన తాండూరు కంది దాని మీదదే. ఆముదం, వేరుశెనగ అయితే చెలక. ఎరువుల విషయంలో రెండూ పేదవే, నలుపు చూసి సారం అనుకోవద్దు, సేంద్రియ కర్బనం అందులోనూ తక్కువే, జింకు అయితే సున్నం వల్ల ఇంకా అందదు.

చెలకే చేతికొచ్చిందా, పక్క చెరువులో పూడిక తీస్తుంటే వదలొద్దు. ఆ ఒండ్రు చాలావరకు పై చెలకల నుంచి కొట్టుకొచ్చిన సన్నమట్టే, 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక ట్రాక్టర్లకి ట్రాక్టర్లు తోలుకున్నారు. తోలించే ముందు చౌడు ఉందేమో ఒకసారి టెస్ట్ చేయించండి, తోలాక కుప్పలుగా వదిలేయకుండా చదును చేసి, తొలకరికి ముందే ఒక సాలు దుక్కి దున్నించేయండి, లేదంటే ఎండి పెళ్లలు కట్టి పైనే ఉండిపోద్ది.