షాండిలియర్లు, మొజాయిక్ ఒకే బిల్లు మీద: ఎల్‌సీఎల్ షిప్పింగ్ కొన్నేళ్లు వాడాక

కడపలో లైట్లు, ఇంటీరియర్ సామాను అమ్మే నాలాంటి షాపుకు కంటెయినర్ నిండా సరుకు తెప్పించే స్తోమత ఉండదు. వేరేవాళ్ల సరుకుతో కలిపి పంపే ఎల్‌సీఎల్ ఒక్కటే దారి. ఆ రేట్లు, రోజుల లెక్క ఏ ఏజెంటును అడిగినా చెబుతాడు. నేను చెప్పాలనుకున్నది అందులోని ఒక్క సదుపాయం గురించి. వేర్వేరు ఫ్యాక్టరీల్లో కొన్న సరుకును చైనాలోనే ఒక గోడౌన్‌లో చేర్చి, ఒకే బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడలో ఎక్కించిన సరుకుకు ఇచ్చే రవాణా పత్రం) మీద చెన్నైకి పంపుతారు. ఈ వ్యాపారంలో నాకు ఇంత మేలు చేసింది ఇంకోటి లేదు.

నేను తెప్పించేవి ముఖ్యంగా రెండు. గ్వాంగ్‌డాంగ్‌లోని గూజెన్ నుంచి గాజు షాండిలియర్లు, ఫోషాన్ నుంచి గ్లాస్ మొజాయిక్, అంటే గోడకు అంటించే చిన్న చిన్న గాజు పలకలు. టైల్స్ జోలికి పోను, టైల్స్ తయారయ్యే గుజరాత్ మోర్బీ ఉండగా సముద్రం దాటించి తెచ్చుకోవాల్సిన అవసరం లేదు. బండలంటారా, మాకు ఎర్రగుంట్ల దాకా పోతే చాలు. షాండిలియర్లు కూడా బల్బు హోల్డర్లు ఉన్నవే తీసుకుంటాను. ఎల్ఈడీ బిగించి వచ్చే లైట్లకు మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉన్న ఫ్యాక్టరీనే వెతకాలి, అది లేకుండా చెన్నైలో దిగితే బయటికి రాదు. బల్బులు ఇక్కడే కొని బిగిస్తాం.

ఇప్పుడు అసలు లెక్క. ఎల్‌సీఎల్‌లో ఛార్జీ ఘనపు మీటరుకైనా వేస్తారు, టన్నుకైనా వేస్తారు, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. ఒక ఘనపు మీటరు గానీ ఒక టన్ను గానీ ఒక యూనిట్. షాండిలియర్ పెట్టె చూడ్డానికి బీరువా అంత ఉంటుంది, ఇద్దరు కలిసి సులువుగా ఎత్తేస్తారు. మొజాయిక్ పెట్టె చిన్నదే, కానీ ఎత్తితే నడుం పట్టేస్తుంది. ఉదాహరణకు షాండిలియర్లు 4 ఘనపు మీటర్లు, 700 కిలోలు అనుకుందాం. మొజాయిక్ 2 ఘనపు మీటర్లు, 3,200 కిలోలు. విడివిడిగా పంపితే లైట్లకు 4 యూనిట్లు, మొజాయిక్‌కు 3.2, మొత్తం 7.2 యూనిట్లకు కట్టాలి. ఒకే బిల్లు మీద పంపితే మొత్తం 6 ఘనపు మీటర్లు, 3.9 టన్నులు. కట్టేది 6 యూనిట్లకే. మొజాయిక్ అదనపు బరువు లైట్ల కింద ఇమిడిపోయింది. దానికి తోడు డాక్యుమెంట్ ఛార్జీ ఒక్కటే, సరుకు విడిపించుకునే డెలివరీ ఆర్డర్ ఒక్కటే, కస్టమ్స్‌కు ఇచ్చే బిల్ ఆఫ్ ఎంట్రీ ఒక్కటే, క్లియరింగ్ ఏజెంటు ఫీజూ ఒక్కసారే. మొదటిసారి ఈ బిల్లు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ప్రొద్దుటూరులో నాకంటే పెద్ద షాపుల రేటుకు నేనూ అమ్మగలిగాను.

అయితే ఈ లాభాన్ని సముద్రపు ఛార్జీ ఒక్కటే చూసి లెక్కేయకూడదు. కొందరు ఏజెంట్లు చైనా నుంచి చెన్నైకి ఫ్రైట్ సున్నా అని కొటేషన్ ఇస్తారు. ఆ తగ్గించిన డబ్బంతా చెన్నైలో దిగాక లోకల్ ఛార్జీల పేరుతో మన దగ్గరే రాబడతారు. అందుకే నేను ఫ్రైట్ అడగను. సరుకు సీఎఫ్ఎస్ (కంటెయినర్ విప్పి సరుకు ఉంచే గోడౌన్) గేటు దాటేదాకా యూనిట్‌కు మొత్తం ఎంతో రాసివ్వమంటాను. రాసివ్వనివాడికి సరుకు ఇవ్వను.

ఇక అసలు దెబ్బ తగిలిన సంగతి. ప్రొద్దుటూరులో ఒక కుటుంబం కొత్తిల్లు కట్టుకుంది. పూజగది గోడకు బంగారు రంగు మొజాయిక్, హాల్లో పెద్ద షాండిలియర్ అడిగారు. మాఘంలో గృహప్రవేశం. ఆ సమయానికి చైనాలో కొత్త సంవత్సరం సెలవులని ఫ్యాక్టరీలు మూసేస్తారు కాబట్టి కార్తీకంలోనే ఆర్డర్ పెట్టాం. సరుకు సకాలంలో చెన్నై చేరింది. అక్కడ ఆగిపోయింది.

కారణం షాండిలియర్ కాదు, దాని చుట్టూ ఉన్న చెక్క. మామూలు చెక్కతో ప్యాకింగ్ చేస్తే ఆ చెక్కకు పురుగు లేకుండా శుద్ధి జరిగిందని చూపే ముద్ర ఉండాలి. చెక్క లోపలి భాగం 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉండాలని అంతర్జాతీయ నియమం. ఆ ముద్రలో ఒక పక్క గోధుమ వెన్ను బొమ్మ, దాని పక్కన దేశం కోడ్, శుద్ధి చేసినవాళ్ల నంబరు, వేడితో చేస్తే హెచ్‌టీ అనే అక్షరాలు ఉంటాయి. మాకు వచ్చిన పెట్టెల్లో అన్నింటి మీదా ముద్ర ఉంది, ఒక్కదాని మీద తప్ప. చైనా గోడౌన్‌లో పగిలిన పెట్టె తీసేసి, చేతికందిన చెక్కలతో మళ్లీ కొట్టారట. క్లియరింగ్ ఏజెంటు ఫోటో పంపాడు. పచ్చి చెక్క, ఒక అంచున బెరడు కూడా ఊడలేదు.

ప్లాంట్ క్వారంటైన్ వాళ్లు ఫ్యూమిగేషన్, అంటే పురుగు చచ్చేలా మందు పొగ పట్టించడం, చేయించమన్నారు. వాళ్లది తప్పు అనను, బయటి పురుగు ఇక్కడి తోటల్లో పడితే పోయేది మన రైతే. నా బాధ వేరు. పెట్టె ఒక్కటే, ఆగింది మాత్రం మొత్తం సరుకు. మొజాయిక్ అట్టపెట్టెల్లో ఉంది, దానికి చెక్కతో సంబంధమే లేదు. అయినా ఒకే బిల్ ఆఫ్ ఎంట్రీ కాబట్టి అదీ కదల్లేదు. నేను ఇంతసేపు మెచ్చుకున్న సదుపాయమే ఇక్కడ నన్ను కట్టిపడేసింది. అద్దె లేకుండా ఉంచుకునే ఫ్రీ డేస్ అయిపోయాయి, స్థలానికి గ్రౌండ్ రెంట్ మొదలైంది. ఫ్యూమిగేషన్ చార్జీ నేనే కట్టాను. మెరైన్ ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటారేమో, సరుకు ఆలస్యమైనందుకు వచ్చే నష్టాన్ని అది ఇవ్వదు. సరుకు పంపించే ఏజెంటు, అంటే ఫార్వర్డర్ మాత్రం "చైనా గోడౌన్ వాళ్లు చేసిన పని, మేమేం చేస్తాం" అని ఫోన్ పెట్టేశాడు. అన్ని ఆర్డర్లు ఇచ్చినవాడికి అతను చెప్పాల్సిన జవాబు అది కాదు.

ఇంటాయన రోజూ ఫోన్ చేసేవాడు. "అన్నా, లైటు లేకపోయినా పర్వాలేదు, బల్బు పెట్టుకుంటాం. పూజగది గోడ మొండిగా ఉంటే మా అమ్మ ఒప్పుకోదు" అన్నాడు. ఆ మాట వింటే రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. చివరికి ఆ గోడ నిండా బంతిపూల దండలు వేలాడదీసి గృహప్రవేశం కానిచ్చారు. సరుకు తర్వాత వచ్చింది. ఒక్క గాజు పలక కూడా పగల్లేదు, మొజాయిక్ వెనక జాలీకి అంటించిన జిగురు కూడా ఎక్కడా ఊడలేదు. ప్యాకింగ్ విషయంలో ఆ ఫ్యాక్టరీలను ఇప్పటికీ మెచ్చుకుంటాను. బిగించేటప్పుడు నేనే దగ్గరుండి, కూలి నేనే ఇచ్చుకున్నాను.

అప్పటినుంచి షాండిలియర్ ఫ్యాక్టరీకి ప్లైవుడ్ పెట్టెలే కావాలని ఆర్డర్‌లోనే రాస్తున్నాను. ప్లైవుడ్ తయారీలోనే వేడి, ఒత్తిడి పడుతుంది కాబట్టి దానికి ఆ ముద్ర నియమం వర్తించదు. పెట్టెకు కాస్త ఎక్కువే అవుతుంది. కంటెయినర్‌లోకి ఎక్కించే ముందు ప్రతి పెట్టెకూ నాలుగు వైపులా ఫోటోలు అడుగుతాను, అవి వచ్చాకే మిగతా డబ్బు పంపుతాను. ఫార్వర్డర్‌ను మార్చాను.

మీకు ఇది పనికొస్తుందా అంటే మీ సరుకును బట్టి చెప్పాలి. బరువైనదీ తేలికైనదీ రెండూ తెప్పించేవాళ్లకు, గోడౌన్ ఉండి నెలన్నర రెండు నెలలు డబ్బు ఇరుక్కున్నా తట్టుకోగలిగినవాళ్లకు దీన్ని మించింది లేదనే ఇప్పటికీ నా అభిప్రాయం. లైట్లు మాత్రమే తెచ్చేవాళ్లకు యూనిట్లలో మిగిలేదేమీ ఉండదు, కాగితాల ఖర్చు మాత్రం తగ్గుతుంది. సరుకు 13, 14 ఘనపు మీటర్లు దాటుతుంటే ఎల్‌సీఎల్ వదిలేసి 20 అడుగుల కంటెయినర్ రేటు కూడా అడిగి చూడండి. సొంతింటికని ఒక్కసారి తెప్పించుకునేవాళ్లకు మాత్రం నేను సలహా ఇవ్వను, చెన్నైలో సరుకు ఆగితే వాళ్ల తరఫున తిరిగేవాళ్లు ఉండరు.

ముహూర్తం ఉన్న సరుకును ఇప్పుడు మిగతా దాంతో కలపడం లేదు. దానికి వేరే బిల్లు పెట్టిస్తున్నాను. ఆ అదనపు ఖర్చు ఎంతో ఆర్డర్ తీసుకునేటప్పుడే కస్టమర్‌కు చెబుతున్నాను, ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు.