నౌసా, నెమెయా: గ్రీసు ఎర్ర వైన్లలో దేనితో మొదలుపెట్టాలి?

గ్రీసు ఎర్ర వైన్లను కొత్తగా రుచి చూడాలనుకునేవారికి సాధారణంగా రెండు పేర్లు ఎదురవుతాయి: ఉత్తరాన మాసిడోనియా ప్రాంతంలో వెర్మియో కొండవాలున ఉన్న నౌసా, దక్షిణాన పెలొపొనీస్‌లోని నెమెయా. రెండింటికీ 1971లోనే ప్రాంతీయ గుర్తింపు లభించింది. రెండుచోట్లా ఆ పేరుతో అమ్మే వైన్‌ను ఒకే రకం ద్రాక్షతో చేయాలన్నది నియమం. పోలిక అంతటితో సరి.

నౌసాలో వాడే క్సినోమావ్రో మొండి ద్రాక్ష. గ్లాసులో పోసి వంచి చూస్తే రంగు పలుచగా, అంచున ఇటుక ఛాయతో కనిపిస్తుంది కనుక తేలికపాటి వైన్ అని పొరబడే అవకాశం ఉంది. కానీ తొలి గుక్కలోనే పులుపు నాలుకను చురుక్కుమనిపిస్తుంది, ఆ వెంటనే వగరు చిగుళ్లను పట్టేస్తుంది. ఎండబెట్టిన టమాటా, ఆలివ్ వాసనలు దీని ప్రత్యేకత. కనీసం ఏడాది ఓక్ పీపాల్లో ఉంచాకే విడుదల చేసినా, ఆ వగరు మెత్తబడడానికి సీసాలో మరికొన్నేళ్లు పడుతుంది. ఇలాగే పులుపు, వగరు ఎక్కువగా ఉండే ఇటలీ ఎర్ర వైన్ బరోలోతో దీన్ని తరచుగా పోల్చేది అందుకే.

నెమెయాలో వాడే అయోర్‌గీతికో ద్రాక్ష వైన్ ఇందుకు భిన్నంగా ముదురు రంగుతో, చెర్రీ వంటి పండ్ల వాసనతో, మెత్తని వగరుతో ఉంటుంది. లోయలో పండినది మరీ చప్పగా అనిపించవచ్చు కాబట్టి ఎత్తైన తోటల నుంచి వచ్చినదాన్ని ఎంచుకోవడం మేలు; అక్కడి చల్లదనం వల్ల పులుపు నిలుస్తుంది.

ఒక్క సీసాయే కొనేవారికి నెమెయా సులువు. అయితే గంట ముందే వేరే పాత్రలోకి వంపి ఉంచి, కాల్చిన గొర్రె మాంసంతో నిదానంగా తాగే ఓపిక ఉన్నవారికి నేను నౌసానే సూచిస్తాను.