వాలు పెరట్లో జీ స్కేల్ రైలు: 5 నెలలు నడిపాక రాస్తున్నా

జీ స్కేల్ అంటే పెరట్లో పట్టాలు పరిచి నడిపే పెద్ద సైజు బొమ్మ రైలు. నా సెట్‌కి 5కి 4 ఇస్తా. ఆ ఒక్క మార్కు పోయింది పెట్టెలోని సూచనల కాగితం వల్ల. అందులో బొమ్మంతా క్యారమ్స్ బోర్డులా చదునైన గడ్డి, బెంగళూరులో కనకపుర రోడ్డు వైపు మా పెరడేమో 6 మీటర్లకి 45 సెంటీమీటర్లు దిగిపోతుంది.

మార్చిలో సెకండ్ హ్యాండ్‌లో 28 వేలకి కొన్నా. చిన్న ఇంజిన్, రెండు బోగీలు, పట్టాలకి కరెంటిచ్చే పవర్ ప్యాక్, 12 వంపు ముక్కలు, ఇంకొన్ని తిన్నని ముక్కలు. 1968లో జర్మనీలో ఎల్‌జీబీ వాళ్లు తెచ్చిన సైజే ఇది, నాది వేరే కంపెనీది. పట్టాల మధ్య 45 మిల్లీమీటర్లు, 1:22.5 లెక్కన, అంటే అసలు రైలుని 22.5 రెట్లు కుదిస్తే, మన పాత మీటర్ గేజ్. ఈ మాట ఫోన్లో చెప్పానో లేదో, గుంతకల్లులో కీమ్యాన్‌గా, అంటే పట్టాలు తనిఖీ చేసే ఉద్యోగిగా, రిటైరైన మా మామయ్య రైలెక్కి వచ్చేశారు.

మొదటిరోజు మట్టి మీదే పరిచేశా. ఎక్కేటప్పుడు చక్రాలు తిరుగుతాయి గానీ బండి కదలదు, దిగేటప్పుడు వంపు దగ్గర పల్టీ. మామయ్య దారం కట్టి కొలిచి, "ఇది 13కి ఒకటి అల్లుడూ, అంటే 13 మీటర్లకి ఒక మీటరు వాలు. నీలగిరి రైలు 12కి ఒకటి ఎక్కుతుందంటే మధ్యలో పళ్ల పట్టా ఉంది. నీ బండికి ఏముంది?" అన్నారు. 40కి ఒకటి దాటకూడదట, వంపులో అయితే ఇంకా తక్కువట. ఆ లెక్కన 45 సెంటీమీటర్లు ఎక్కడానికే 18 మీటర్ల పట్టా కావాలి, మాకు అంత చోటెక్కడిది? అందుకని పైవైపు 20 తవ్వి, కిందివైపు 25 లేపి మొత్తం సమం చేశాం.

ముందు ఆ లేపడం ఉత్త మట్టి గట్టుతో చేశా, నా పిసినారితనం. మే నెలలో ఒక్క సాయంత్రం వానకి ఎర్రమట్టంతా కొట్టుకుపోయి పట్టా గాల్లో వేలాడింది. తర్వాత సాలిడ్ బ్లాకులు పేర్చి, పైన 6 ఎంఎం రాతి చిప్స్ పోసి, పైనుంచి వచ్చే నీళ్లకి అడుగున రెండు పీవీసీ పైపులు వేశాం. కూలీతో కలిపి 11 వేలు. పట్టాని సిమెంటుతో బిగించొద్దు, ఎండకి ఇత్తడి సాగుతుంది, చిప్స్‌లో వదులుగానే ఉండాలి.

ఇంజిన్‌కి మాత్రం వంక పెట్టలేను, ఇప్పటిదాకా మొరాయించలేదు. కాకపోతే పట్టా జాయింట్లలో మురికి చేరితే కరెంటు సరిగ్గా అందక అవతలి చివర నీరసంగా నడుస్తుంది, పవర్ ప్యాక్ నుంచి అటు ఇంకో వైరు లాగితే సరిపోయింది. పవర్ ప్యాక్ ఇంట్లోనే ఉంచండి. వంపు వ్యాసార్థం 60 సెంటీమీటర్లే, పొడవాటి బోగీలు అక్కడ ఈడుస్తాయి. ముచ్చటపడి నేను కొన్న మూడో బోగీ అందుకే షోకేసులో ఉంది.