డ్రిప్ 'ఎకరా సెట్టు' కొంటున్నారా? పైపుల కాలువ పూడ్చకముందే ఇవి చూసుకోండి

చీని, దానిమ్మ, టమాటా పెట్టే చిన్న రైతులు ఇది పూర్తిగా చదవండి. వానలు అదును తప్పాయి, బోర్లలో నీళ్లు లోతుకు పోతున్నాయి. రెండెకరాలున్న రైతు కూడా అప్పు చేసైనా డ్రిప్ (మొక్క మొదట్లో చుక్కలుగా నీళ్లిచ్చే పైపుల ఏర్పాటు) వేయించుకుంటున్నాడు. ఆ అవసరాన్నే పట్టుకుని కొందరు డీలర్లు, ఊళ్లలో తిరిగే ఏజెంట్లు "ఎకరాకు ఇంత, బిగింపుతో సహా" అని ఒకటే రేటు చెప్పి నాసిరకం సరుకు దించిపోతున్నారు. మొదటి పంటకు తేడా తెలియదు. రెండో ఎండాకాలానికి పైపు పెళుసెక్కి చిట్లుతుంది, సాలు చివరి మొక్కలు ఎండుతాయి, రైతు మళ్లీ కాలువ పారకానికి తిరిగొస్తాడు. "డ్రిప్ దండగ" అన్న మాట ఊళ్లో నిలిచిపోతుంది. తప్పు డ్రిప్‌ది కాదు, సరుకుది, లెక్క వేయకుండా బిగించినవాళ్లది.

అందుకే ఎకరా రేటుకు ఒప్పుకోకండి. లేటరల్ (సాలు వెంట పరిచే సన్న పైపు) ఎన్ని మీటర్లు, ఎన్ని ఎం.ఎం., గోడ మందం ఎంత, డ్రిప్పర్ (దాని మీద చుక్కలు వదిలే బొడిపె) గంటకు ఎన్ని లీటర్లు, ఎంత దూరానికొకటి, సబ్‌మెయిన్ (లేటరళ్లకు నీళ్లు పంచే పెద్ద పైపు) సైజు, ఫిల్టర్ రకం, ఇవన్నీ విడివిడిగా కొటేషన్‌లో రాయించుకోండి. రాయనంటే అక్కడితో ఆపేయండి.

అసలు మొదట కొలవాల్సింది పైపు కాదు, బోరు నీళ్లు. మోటారు అరగంట నడిచాక 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 60 సెకన్లు పడితే గంటకు 12,000 లీటర్లు. ఇప్పుడు 5 అడుగుల సాళ్లున్న ఒక ఎకరం టమాటా తీసుకుందాం. లేటరల్ దాదాపు 2,700 మీటర్లు పడుతుంది. 40 సెంటీమీటర్లకొక డ్రిప్పర్ చొప్పున సుమారు 6,750 డ్రిప్పర్లు. ఒక్కోటి గంటకు 2 లీటర్లు వదిలితే 13,500 లీటర్లు కావాలి. బోరు ఇచ్చేది 12,000. అంటే ఎకరాన్ని రెండు భాగాలు చేసి, ఒక్కోదానికి ఒక వాల్వు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి నడపాల్సిందే. ఒక వాల్వు ఖర్చు మిగుల్చుకోవడానికి ఏజెంటు మొత్తం ఒకటే లైను చేసి పోతాడు. పీడనం పడిపోతుంది, చివరి సాళ్లకు నీళ్లు చాలవు. కొత్తలో రైతు అది డ్రిప్పర్ పూడిక అనుకుంటాడు. ఎండాకాలంలో బోరు తగ్గుతుంది కాబట్టి ఈ కొలత ఏప్రిల్, మే నెలల్లో తీసినదే నమ్మదగింది.

ఇంకో పొదుపు లేటరల్ పొడవులో చేస్తారు. చదును నేలలో 16 ఎం.ఎం. లేటరల్‌ను సబ్‌మెయిన్‌కు ఒక పక్క 50, 60 మీటర్లకు మించి లాగుతుంటే, కంపెనీ పొడవుల పట్టిక చూపించమని నిలదీయండి. మెట్టపల్లాల పొలమైతే మరీ జాగ్రత్త. 10 మీటర్ల నీటి ఎత్తు ఒక కిలో (చదరపు సెంటీమీటరుకు) పీడనంతో సమానం. పొలంలో 3 మీటర్ల వాలుంటే పైనున్న మొక్కకు 0.3 కిలో తగ్గుతుంది. అలాంటి చోట పీడనాన్ని సర్దుకునే డ్రిప్పర్లే వేయాలి. వాటి ధర ఎక్కువ కనుక చెప్పకుండా మామూలువి పెట్టేస్తారు.

ఇక పైపు. దాని మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ నంబరు (భారత ప్రమాణం నంబరు), లైసెన్సు నంబరు (సీఎం/ఎల్ తో మొదలయ్యేది) అచ్చయి ఉండాలి. మామూలు లేటరల్‌కు ఐఎస్ 12786, లోపలే డ్రిప్పర్ ఉండే ఇన్‌లైన్‌కు ఐఎస్ 13488, బయట గుచ్చే డ్రిప్పర్‌కు ఐఎస్ 13487, పీవీసీ పైపుకు ఐఎస్ 4985. లైసెన్సు నంబరును ప్రమాణాల సంస్థ బిఐఎస్ వారి 'బిఐఎస్ కేర్' యాప్‌లో కొట్టి చూడండి. కంపెనీ పేరు, వస్తువు రెండూ కలవాలి. అట్టపెట్టె మీది గుర్తు లెక్కకు రాదు, పైపు మీదిదే చూడాలి.

గుర్తు కూడా దొంగదే కావచ్చు. అందుకే చుట్టను కాటా మీద పెట్టండి. 16 ఎం.ఎం. మామూలు లేటరల్ 500 మీటర్ల చుట్ట, గోడ 1 ఎం.ఎం. ఉంటే దాదాపు 22 కిలోలు, 0.8 ఉంటే 18, 0.5 ఉంటే 11 కిలోలు తూగుతుంది (ఇన్‌లైన్‌కు డ్రిప్పర్ల బరువు అదనం). 1 ఎం.ఎం. అని బిల్లు రాసి 13 కిలోల చుట్ట ఇస్తున్నారంటే, గోడ అయినా పలచన, పొడవు అయినా తక్కువ. పలచని పైపు అంతా మోసమనడం లేదు. ఒకటి రెండు పంటల కూరగాయలకు అది చాలు. పలచనిదాన్ని మందపు రేటుకు అమ్మడమే మోసం.

బరువు కోసం ప్లాస్టిక్‌లో సున్నపురాయి పొడి కలిపేవాళ్లూ ఉన్నారు. అంగుళం ముక్క కోసి చెంబు నీళ్లలో వేయండి. మంచి పాలిథిన్ తేలుతుంది. పొడి బాగా కలిపితే మునుగుతుంది. తేలింది కదా అని నిశ్చింతగా ఉండకండి, పాత ప్లాస్టిక్ కరిగించి పోసిన పైపు కూడా తేలుతుంది. దాన్ని పట్టడానికి కోసిన అంచును వెలుతురులో చూడండి: గరుకుగా, చిన్న చిన్న గుళికలతో, సన్న రంధ్రాలతో ఉంటే వద్దు. గట్టిగా మడిచినప్పుడు మడత దగ్గర తెల్లటి చార పడినా అనుమానించాల్సిందే. నలుపు రంగు అలంకారం కాదు. ఎండను తట్టుకోవడానికి ప్రమాణం ప్రకారం 2 నుంచి 3 శాతం కార్బన్ బ్లాక్ ఉండాలి. అది తగ్గితే, సరిగ్గా కలవకపోతే, ఎండకు పైపు పగుళ్లిస్తుంది. ఇన్‌లైన్ అయితే డ్రిప్పర్ ఉన్నచోట నిలువునా కోసి లోపల వంకరటింకర దారి చూడండి. అక్కడ ప్లాస్టిక్ పోగు అడ్డుపడి ఉంటే ఆ డ్రిప్పర్ పుట్టుకతోనే మూసుకుపోయింది. రెండు మూడు చోట్ల కోసి చూస్తే సరుకు తీరు తెలిసిపోతుంది.

ఫిల్టర్ దగ్గర ఎక్కువ మంది మోసపోతారు. ఇసుక వచ్చే బోరుకు హైడ్రోసైక్లోన్ (నీళ్లను సుడి తిప్పి ఇసుకను వేరుచేసేది), పాచి పట్టే బావికీ ఫారంపాండుకూ (పొలంలోని నీటి కుంట) శాండ్ ఫిల్టర్ (ఇసుకలోంచి వడకట్టేది), రెండింటి తర్వాతా జాలీ ఫిల్టర్ ఉండాలి. "జాలీ ఒక్కటి చాలు" అనే మాట అమ్మేవాడికి మాత్రమే చాలు. మూత తీసి రబ్బరు వాషర్ ఉందో లేదో, జాలీ అతుకు దగ్గర చిరిగిందో చూడండి. వాషర్ లేకపోతే మురికి నీళ్లు జాలీని తప్పించుకుని పక్కనుంచి పోతాయి. ఫిల్టర్‌కు ముందొకటి, వెనకొకటి ప్రెజర్ గేజ్ పెట్టించుకోండి. రెండింటి మధ్య తేడా 0.5 కిలో దాకా వచ్చిందంటే జాలీ కడగాలి. గేజ్ లేని ఫిల్టర్ ఎప్పుడు పూడిందో తెలిసేది పైరు వాడాకే.

సంతకం పెట్టే ముందు ఈ పరీక్ష తప్పనిసరి. మొదటి లేటరల్, చివరిది, మధ్యలో రెండు ఎంచుకోండి. ఒక్కోదానిలో మొదలు, మూడో వంతు, మూడింట రెండు వంతులు, చివర, మొత్తం 16 డ్రిప్పర్ల కింద గ్లాసు పెట్టి ఒక నిమిషం పట్టండి. 2 లీటర్ల డ్రిప్పర్ నిమిషానికి 33 మిల్లీలీటర్లు, 4 లీటర్లది 67 ఇవ్వాలి. తక్కువొచ్చిన నాలుగింటి సగటును మొత్తం సగటుతో భాగించి వందతో గుణించండి. 32 సగటులో తక్కువ నాలుగింటి సగటు 29 వస్తే 90 శాతం, బాగున్నట్టే. 27లో 16 వస్తే 60 లోపే, అది బిగించినవాడే సరిచేయాలి. ఈ పని పైపులు వేసిన కాలువ పూడ్చకముందే చేస్తే అతుకుల లీకులు కూడా బయటపడతాయి.

సబ్సిడీ మీద తీసుకునేవాళ్లు ఇంకా పట్టుగా ఉండాలి. "ముందు సంతకం పెట్టు అన్నా, లేకపోతే ఫైలు ఆగిపోతుంది" అని ఖాళీ పత్రం ముందు పెడతారు. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఒకే భూమికి మళ్లీ సాయం 7 ఏళ్ల తర్వాతే. చెత్త సరుకుకు సంతకం పెట్టారంటే ఈ 7 ఏళ్లూ సొంత డబ్బే. ట్రయల్ నడిచాక, గ్లాసుల కొలత రాశాక, ఏ పైపు ఎన్ని మీటర్లు దించారో మీరే లెక్కపెట్టాక సంతకం. తప్పులుంటే ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా సూక్ష్మసేద్య కార్యాలయానికి, తెలంగాణలో ఉద్యాన శాఖకు రాతపూర్వకంగా ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. సొంత డబ్బుతో కొన్నవాళ్లకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు 2 ఏళ్ల లోపు వెళ్లాలి. అందుకు జీఎస్టీ బిల్లు, కొటేషన్, అచ్చు కనబడేలా కోసిన మీటరు పైపు ముక్క మూడూ కావాలి. ఆ ముక్కను సరుకు దిగిన రోజే కోసి, తేదీ రాసి, బిల్లుతో కలిపి ఇంట్లో దాచండి.