ఫ్లోటా, ప్రోబా? ఆర్‌వీ-7 ఫ్యూయల్ గేజ్‌కి ఏది మేలు

ఇంట్లోనే కట్టుకునే చిన్న విమానం వ్యాన్స్ ఆర్‌వీ-7కి రెక్కకో ఇంధన ట్యాంకు, ఒక్కోదాంట్లో 21 గాలన్లు. గేజ్ తప్పు చూపిస్తుంటే ఉన్న ఫ్లోట్‌నే మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలా (అంటే అసలు ఇంధనంతో పోల్చి రీడింగ్ సరిదిద్దాలా), కెపాసిటివ్ ప్రోబ్‌కి మారాలా?

ఫ్లోట్ అంటే ఇంధనం మీద తేలే బుడిగ, మన బైకు ట్యాంకులో ఉండేలాంటిదే. అది లేచేకొద్దీ కరెంటుకి నిరోధం మారుతుంది: ఖాళీ ట్యాంకుకి 240 ఓంలు, నిండితే 33 దగ్గర. రెక్క చివరికి పోయేకొద్దీ పైకి లేస్తుంది, ఫ్లోట్ బిగించిన సెండర్ (రీడింగ్ పంపే పరికరం) ఉండేది లోపలి చివర. అందుకే ట్యాంకు నిండకముందే ఫ్లోట్ పైకప్పుకి తగిలి ఆగిపోతుంది. ఇది ఎన్నిసార్లు క్యాలిబ్రేట్ చేసినా పోదు. పోకపోయినా పర్లేదు, టెన్షన్ పెట్టేవి అడుగు గాలన్లు. అక్కడ ఫ్లోట్ బాగానే పనిచేస్తుంది.

ప్రోబ్‌లో కదిలే భాగాలే లేవు, అడుగు నుంచి అంచుదాకా కొలుస్తుంది. కానీ అది కొలిచేది ఇంధనపు డైఎలక్ట్రిక్ గుణాన్ని (విద్యుత్ చార్జి నిల్వకి తోడ్పడే గుణం). పెట్రోలుకి అది 2 దగ్గర ఉంటే ఇథనాల్‌కి 24 పైనే. విమానాల పెట్రోలు 100ఎల్‌ఎల్‌తో క్యాలిబ్రేట్ చేసి తర్వాత ఇథనాల్ కలిసిన కారు పెట్రోలు పోస్తే, లేని గాలన్లు కూడా ఉన్నట్టు చూపిస్తుంది. పైగా ఈ ప్రోబ్‌గా పనిచేసే ప్లేట్లు ట్యాంకు కట్టేటప్పుడే బిగించాలి. సీలెంట్ వేసి మూసేసిన ట్యాంకుని ఇందుకోసం కోయడం నా దృష్టిలో దండగ.

ఇంజిన్‌కి పోయే ఇంధనాన్ని కొలిచే ఫ్లో మీటర్ ఉందిగా అంటారు. అది కాలింది లెక్కపెడుతుంది, కారిపోయింది కాదు.

గాయకుడు జాన్ డెన్వర్ నడుపుతుండగా 1997లో కూలిన లాంగ్-ఈజీ కూడా ఇలా ఇంట్లో కట్టిన విమానమే. దాని ఇంధన గాజు గేజ్‌లకి గుర్తులు లేకపోవడాన్ని కూడా దర్యాప్తు సంస్థ ఎత్తిచూపింది.

కాబట్టి నా ఓటు ఫ్లోట్‌కే. తోక చక్రం మోడల్ అయితే తోకని స్టాండు మీదికెత్తి, విమానాన్ని ఎగిరేటప్పటి మట్టానికి తేవాలి. ఎర్త్ వైరు తగిలించి, ట్యాంకు ఖాళీ చేసి, వాడటానికి వీల్లేని అడుగు ఇంధనం దగ్గర సున్నా పెట్టాలి. ఆపైన రెండేసి గాలన్లు పోస్తూ, కుదురుకున్నాకే రీడింగ్ ఎక్కించాలి. గంటకి 8 గాలన్లు తాగే ఇంజిన్‌కి రెండు గాలన్ల తప్పంటే 15 నిమిషాలు. అమెరికాలో పగటి వీఎఫ్ఆర్‌కి (బయటికి చూస్తూ నడిపే ప్రయాణానికి) అదనంగా ఉంచుకోవాల్సిన రిజర్వ్ ఇంధనమే 30 నిమిషాలది.

ట్యాంకులో ముంచి చూసే కొలబద్ద మీద గీతలు మాత్రం తోక నేల మీదికి దింపాకే గీయండి. దాన్ని వాడేది విమానం నేల మీద నిలబడి ఉన్నప్పుడే కదా.