దించడం వేరు, బిగించడం వేరు: పోలోలో బిల్‌స్టైన్ బీ8 షాకప్‌లు, ఐబాక్ స్ప్రింగులు

నా కారు 2017 నాటి ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ. ఈ బండి 70 వేల కిలోమీటర్లు దాటేసరికి ముందు షాకప్‌లలో ఒకటి నూనె కార్చడం మొదలుపెట్టింది. వెనుకవి కారకపోయినా, మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్ళే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద జాయింటు వచ్చినప్పుడల్లా బండి వెనుక భాగం ఒకటికి రెండుసార్లు ఊగి గాని కుదుటపడేది కాదు. ఎలాగూ మార్చక తప్పదు కదా అని, కంపెనీ షాకప్‌లకు బదులు బిల్‌స్టైన్ బీ8 షాకప్‌లు నాలుగు, వాటికి తోడుగా కారు ఎత్తు తగ్గించే ఐబాక్ ప్రో-కిట్ స్ప్రింగులు నాలుగు వేయించాను. ఆ తరువాత 14 నెలల్లో 17 వేల కిలోమీటర్లు నడిపాను. తేడా దేనివల్ల వచ్చిందో తెలియాలన్న ఉద్దేశంతో టైర్లను, రిమ్ములను, యాంటీ రోల్ బార్‌ను (మలుపులో బండి వంగడాన్ని తగ్గించే కడ్డీని) మార్చకుండా పాతవే ఉంచాను.

నా తీర్పు ముందే చెబుతాను: షాకప్‌లకు పెట్టిన ప్రతి రూపాయీ గిట్టింది, స్ప్రింగులకు పెట్టినదాంట్లో సగం చూపుకే పోయింది. మన దగ్గర చాలామంది దీనికి తలకిందులుగా ఖర్చు పెడతారు. పాత షాకప్‌లను అలాగే ఉంచి, చవకగా దొరికే పొట్టి స్ప్రింగులు మాత్రం వేయించుకుంటారు. కొందరైతే ఉన్న స్ప్రింగునే ఒక చుట్టు కోయిస్తారు, అది ప్రమాదకరమని ఎవరు చెప్పినా వినరు.

స్ప్రింగు బరువును మోస్తుంది, షాకప్ ఊపును అణుస్తుంది. స్ప్రింగు గట్టిదనం ఐదో వంతు పెరిగితే బండి ఊగే వేగం అంతగా పెరగదు. అది గట్టిదనపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి పెరుగుదల పదో వంతుకు కాస్త తక్కువగానే ఉంటుంది. అందువల్ల దించిన కారు నడుము విరగ్గొడుతున్నదని ఎవరైనా అంటే, ఆ నేరం చాలాసార్లు స్ప్రింగు గట్టిదనానిది కాదు. కారు కిందికి దిగిన మేరకు చక్రం పైకి వెళ్ళగలిగే జాగా తగ్గిపోతుంది, అరిగిన షాకప్ ఆ కొద్ది జాగాలో చక్రాన్ని నిలువరించలేక, కదలిక చివర అడ్డుగా ఉండే బంప్ స్టాప్ రబ్బరు దాకా వదిలేస్తుంది, మనకు తగిలే దెబ్బ ఆ రబ్బరుది.

బీ8 ఈ పనికోసమే తయారైన షాకప్. బిల్‌స్టైన్ వారి బీ6 మామూలు ఎత్తున్న కార్లకు సరిపోతుంది. దాన్నే పొట్టి స్ప్రింగులకు తగినట్టు కురచ చేస్తే బీ8 అవుతుంది. రెండూ మోనోట్యూబ్ రకానివి, అంటే నూనె, దానికి అవతల ఒత్తిడితో నింపిన నైట్రోజన్ ఒకే గొట్టంలో ఉంటాయి, రెంటి నడుమ తేలే పిస్టను ఒకటి అడ్డుగా ఉంటుంది. అందువల్ల ఎంత గతుకుల రోడ్డు మీద ఎంతసేపు నడిపినా గాలి కలిసి నూనె నురగెత్తదు, వేడి కూడా గొట్టం గోడ నుంచి నేరుగా బయటికి పోతుంది. ఈ కంపెనీ 1957లో మెర్సిడెస్-బెంజ్ కార్లకు ఇటువంటి షాకప్‌లను అందించడంతో అవి మొదటిసారి కార్ఖానా ఉత్పత్తిలోకి వచ్చాయి. మరో విశేషం ముందు స్ట్రట్టులో, అంటే స్ప్రింగు, షాకప్ ఒకటిగా కలిసి ఉండే కాలులో, కనిపిస్తుంది. మామూలు స్ట్రట్టులో సన్నని కడ్డీ పైకి వచ్చి ఉంటుంది, మలుపులో చక్రం మీద పడే పక్కవాటు ఒత్తిడినంతా అదే భరించాలి. బీ8లో షాకప్‌ను తిరగేసి అమర్చడం వల్ల ఆ ఒత్తిడి లావుపాటి గొట్టం మీద పడుతుంది. స్టీరింగు తిప్పగానే ముందు భాగం తడబాటు లేకుండా తిరగడానికి కారణాల్లో ఇదీ ఒకటని నేను అనుకుంటున్నాను.

ఎత్తు విషయంలో మాత్రం భారతీయ కొనుగోలుదారు ఒక సంగతి గమనించాలి. ప్రో-కిట్ ఈ తరగతి కార్లను దాదాపు 30 మి.మీ. దించుతుందని చెబుతారు, అయితే ఆ లెక్క యూరప్‌లో అమ్మిన కారుకు సంబంధించినది. మన పోలోను ఇక్కడి రోడ్ల కోసం కంపెనీయే కొంత ఎత్తు పెంచి అమ్మింది. అదే స్ప్రింగు ఇక్కడి కారులో వేస్తే, పెంచిన ఆ ఎత్తు కూడా కలిసి పోతుంది. చక్రం నడిమి నుంచి ఫెండరు అంచు దాకా నేను టేపుతో కొలిచి చూసుకున్నప్పుడు, స్ప్రింగులు కుదురుకున్నాక ముందు 41 మి.మీ., వెనుక 36 మి.మీ. తగ్గినట్టు తేలింది. 30 అనుకుని 41 చూసిన రోజున గుండె కొంచెం జారింది. స్ప్రింగు నంబరు ఎంచుకునేటప్పుడు ముందు ఇరుసు మీద పడే బరువును కూడా చూడాలి. డీజిల్ ఇంజను బరువైనది కాబట్టి దానికోసం చేసిన స్ప్రింగును చిన్న పెట్రోల్ కారులో వేస్తే ముక్కు ఎత్తి నిలబడుతుంది.

బిగింపు ఒక రోజు పని. పోలోలో ముందు స్ట్రట్టు అడుగు భాగం, చక్రాన్ని మోసే నకల్‌లోని చీలిక గొట్టంలో దిగి ఉంటుంది, ఆ చీలికను విప్పార్చే ప్రత్యేకమైన పనిముట్టు లేని చోట సుత్తితో బాదుతారు, అక్కడ బేరింగుకూ, చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బాల్ జాయింటుకూ దెబ్బ. వెనుక ఇరుసు టార్షన్ బీమ్, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం, కావడం వల్ల స్ప్రింగు వేరుగా, షాకప్ వేరుగా ఉండి పని సులువు. ముందు పై మౌంట్లు, వాటి బేరింగులు కొత్తవి వేయించాను. అవి పాతవి ఉంచి కొత్త స్ట్రట్టు వేయడం కొత్త గుమ్మానికి పాత మడతబందులు బిగించినట్టే ఉంటుంది. వెనుక షాకప్ కింది బోల్టును కారు జాకీ మీద వేలాడుతుండగా కాక, చక్రాల మీద బరువు పడ్డాక బిగించాలి, లేకపోతే బుష్షులోని రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. ఈ మాట చెప్పినందుకు నేను వెళ్ళిన వర్క్‌షాపులో పెద్ద మేస్త్రీ నన్ను ఎగాదిగా చూశాడు, కాని చెప్పినట్టే చేశాడు. పొరపాటు మరోచోట జరిగింది. ఎడమ పక్క ముందు స్ప్రింగు కొస, కింది గిన్నెలో దానికోసం ఉన్న మెట్టుకు ఆనకుండా వేలెడు దూరంలో ఆగిపోయింది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడల్లా తంబూరా తీగ మీటినట్టు మోత వచ్చేది. రెండుసార్లు తీసుకువెళితే రెండుసార్లూ కొత్త షాకప్‌లు అలాగే ఉంటాయన్నారు. మూడోసారి నేనే టార్చిలైటు వేసి చూపించాక విప్పి సరిచేశారు. కొత్త షాకప్‌లు అలా మోగవు. మోగితే అది బిగింపు లోపమే.

బిగించిన 300 కిలోమీటర్ల తరువాత అలైన్‌మెంట్ చేయించాను. కారు దిగడంతో ముందు చక్రాల పై అంచులు లోపలికి కొంచెం ఎక్కువ వాలాయి, టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా మారింది. లోపలి అంచున టైరు అరిగిపోవడానికి అందరూ ఆ వాలునే నిందిస్తారు గాని, అసలు తినేసేది సరిచేయని టో. నా టైర్లు 17 వేల కిలోమీటర్ల తరువాత కూడా సమంగానే అరిగాయి.

ఇక నడక గురించి. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంలో లారీని దాటి మళ్ళీ వరుసలోకి వచ్చేటప్పుడు పాత కారు ముందు వంగేది, తరువాత తిరిగేది, ఆ తరువాత ఇంకొకసారి అటు ఊగి నిలిచేది. ఇప్పుడు ఈ మూడు పనులూ ఒక్కటై, చేతిని సరిచేసే లోపే అయిపోతాయి. బ్రేకు వేస్తే ముక్కు మునగడం సగానికి తగ్గినట్టు అనిపిస్తుంది. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే జాయింట్ల మీద దెబ్బ ఒకసారి గట్టిగా వినబడుతుంది, అక్కడితో ముగుస్తుంది. బిల్‌స్టైన్ కవాటాల స్వభావమే ఇది: బాడీ నెమ్మదిగా ఊగే కదలికలకు అవి మొదటినుంచే గట్టిగా అడ్డుపడతాయి, గుంత వంటి చురుకైన దెబ్బ వచ్చినప్పుడు ఆ అడ్డగింపు అదే పాళ్ళలో పెరగకుండా తెరుచుకుంటాయి. అందుకే వేగం పెరిగేకొద్దీ ఈ కారు మెత్తబడినట్టు తోస్తుంది. కాలనీ గతుకుల మీద గంటకు 15 కిలోమీటర్లకు వెళుతున్నప్పుడు మాత్రం చిన్న రాయి కూడా కూర్చున్నచోట తెలుస్తుంది.

అసలు పరీక్ష శ్రీశైలం రోడ్డు. మన్ననూరు అటవీ చెక్‌పోస్టు ఉదయం 6 గంటలకు తెరుస్తారు కాబట్టి ముందుగానే వెళ్ళి వరుసలో నిలబడ్డాను. అడవిలో వేగం పనికిరాదు, అక్కడ నెమలి, కోతి, జింక ఏదైనా అడ్డురావచ్చు. దోమలపెంట దాటాక కృష్ణ దాకా దిగే ఘాటులోనే కారు గుణం తెలిసింది. మలుపు మధ్యలో రోడ్డు కుంగి ఉన్నచోట పాత షాకప్‌లతో లోపలి చక్రం తేలిపోయి స్టీరింగు తేలికయ్యేది. ఇప్పుడు నాలుగు చక్రాలూ నేలను వదలవు. కారు దిగితే మలుపులో వంగడం తగ్గుతుందని చాలామంది నమ్ముతారు, ఇందులో సగమే నిజముంది. స్ట్రట్టు రకపు ముందు భాగంలో కారు దిగినకొద్దీ లోయర్ ఆర్మ్ వాలు మారి, బాడీ వంగే కేంద్రం బరువు కేంద్రం కంటే ఎక్కువగా కిందికి జారుతుంది, దానితో వంచే బలానికి మీట పొడవు పెరుగుతుంది. నా కారు తక్కువ వంగుతున్నదంటే అది ఎత్తు తగ్గినందుకు కాదు, స్ప్రింగు గట్టిపడినందుకు, షాకప్ ఆ వంగుడును నెమ్మదింపజేసినందుకు.

ఇంత మెచ్చుకున్నాక ఇంటిదారి గురించి కూడా చెప్పాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, గుండ్రని వీపుతో ఉండాలి. అటువంటి దాన్ని గంటకు 25 కిలోమీటర్లతో హాయిగా దాటవచ్చు. మా కాలనీలోవి ఎవరి గేటు ముందు వారు సిమెంటు తట్టలు బోర్లించి కట్టుకున్నవి. ఒక్కడినే ఉంటే ఏటవాలుగా దాటిస్తాను; వెనుక ముగ్గురు కూర్చుంటే ఎంత నిదానించినా అడుగు గీసుకుంటుంది. అపార్టుమెంటు సెల్లార్ ర్యాంపు దగ్గరయితే అందరినీ దించి ఎక్కించవలసిందే. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మగారు ఈ కారులో ఎక్కేటప్పుడు దిగాలి, దిగేటప్పుడు ఎక్కాలి అంటారు. ఈ స్ప్రింగుల గురించి ఇంతకంటే కచ్చితమైన విమర్శ నేను ఎక్కడా చదవలేదు.

చట్టం సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటితో తేడాపడేలా వాహనాన్ని మార్చకూడదు, సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానాకూ, జైలుశిక్షకూ కూడా వీలు కల్పించింది. బీమా కంపెనీకి మార్పు తెలియజేయడం యజమాని బాధ్యత, నేను లేఖ రాసి అందినట్టు రసీదు తీసుకున్నాను.

షాకప్‌లు, స్ప్రింగులు, మౌంట్లు, బేరింగులు, కూలీ, అలైన్‌మెంట్ అన్నీ కలిపి నాకు 1,24,000 రూపాయలు అయ్యాయి. ఇందులో స్ప్రింగుల వాటా పావు వంతుకు పైనే. ఈ ఏడాది మా పెదనాన్నగారి అబ్బాయి తన పోలోకు షాకప్‌లు మార్చాలని అడిగితే, కంపెనీ స్ప్రింగులనే ఉంచి బీ6 వేయించమన్నాను. అతని కారును శ్రీశైలం దాకా నేనే నడిపి చూశాను. ఘాటు మలుపులలో అది నా కారు కంటే కొంచెం ఎక్కువ వంగింది, నేలను మాత్రం అంతే గట్టిగా పట్టుకుంది. తిరిగి వచ్చిన రాత్రి అతను నలుగురిని కూర్చోబెట్టుకుని మా సెల్లార్ ర్యాంపు నేరుగా దిగిపోయాడు.